పేజీ పాస్‌వర్డ్ ఇవ్వకుండా వేరేవాళ్లతో పని చేయించుకోవడం ఎలా?

ఆత్రేయపురం కోడలు:

నమస్కారం అండి. మాది ఆత్రేయపురం, ఇంట్లోనే పూతరేకులు చేసి అమ్ముతాం. రేకు తీసేది మా అత్తగారు, ఆవిడ దగ్గర నేర్చుకున్న ఇద్దరు ఆడవాళ్లు. బెల్లం, పంచదార, డ్రైఫ్రూట్ మూడు రకాలూ వేస్తాం. ఊళ్లో కొనేవాళ్ల కంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టా చూసి హైదరాబాద్, బెంగళూరు నుంచి కొరియర్‌కి అడిగేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. ఆ పేజీ పెట్టింది మా మరిదిగారి అబ్బాయి, తన సొంత ఫేస్‌బుక్ అకౌంట్ నుంచే పెట్టాడు. ఇన్నాళ్లూ ఫోటోలు పెట్టడం, అడిగినవాళ్లకి రేట్లు చెప్పడం అన్నీ వాడే చూసుకున్నాడు. ఇప్పుడు వాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, ఇక రోజూ చూడలేడు.

అందుకని మెసేజ్‌లకి జవాబివ్వడానికి మా వీధిలో డిగ్రీ చదివే ఒక అమ్మాయిని పెట్టుకుందాం అనుకున్నాం. సంక్రాంతికి యాడ్స్ వేయించాలని రాజమండ్రిలో ఒక ఏజెన్సీ వాళ్లతో మాట్లాడితే, "ఐడీ, పాస్‌వర్డ్ పంపించేయండి మేడమ్, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. మా ఆయన ఇచ్చేద్దాం అంటున్నారు, నాకే మనసు ఒప్పట్లేదు. ఇస్తే మా అబ్బాయి సొంత మెసేజ్‌లు కూడా వాళ్లకి కనబడతాయా? రేపు ఏదైనా మాటా మాటా వస్తే పేజీ వాళ్ల చేతిలో ఉండిపోతుందా? ఇవ్వకపోతే పని ఎలా జరుగుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, సీజన్ ముందు చాలా టెన్షన్‌గా ఉంది.

కడియం నర్సరీ:

ఇవ్వకండి అమ్మా. ఎవరికీ ఇవ్వకండి. ముందు ఒక్క విషయం అర్థం చేసుకోండి, ఫేస్‌బుక్ పేజీకి విడిగా పాస్‌వర్డ్ అంటూ ఉండదు. వాళ్లు అడిగేది మీ అబ్బాయి సొంత అకౌంట్ పాస్‌వర్డ్. అది చేతికొస్తే వాడి మెసేజ్‌లు, ఫోటోలు, స్నేహితులు, వాడు అడ్మిన్‌గా ఉన్న మిగతా పేజీలు, గ్రూపులు అన్నీ వాళ్ల ముందు తెరిచినట్టే. కొత్త కుర్రాడికి దుకాణం తాళంతో పాటు ఇంటి తాళం, బీరువా తాళం కూడా ఇచ్చినట్టు అవుతుంది. పేజీలో ఎవరికి ఎంత పని ఉంటే అంతవరకే అనుమతి ఇచ్చే ఏర్పాటు ఫేస్‌బుక్‌లోనే ఉంది, పైసా ఖర్చు లేదు. మా కడియపులంకలో నర్సరీలవాళ్లు చాలామంది ఇప్పుడు అలాగే చేస్తున్నారు. ఎలా చెయ్యాలో నాకంటే వివరంగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు.

భీమవరం డిజిటల్:

నేను ఈ పనే చేస్తాను, ఆక్వా మేత షాపులకీ బట్టల కొట్లకీ పేజీలు చూస్తుంటాను, కాబట్టి ఏజెన్సీ వైపు నుంచి కూడా చెప్పగలను. ఈ పని తెలిసిన ఏజెన్సీకి మీ పాస్‌వర్డ్‌తో అవసరమే ఉండదు. అడుగుతున్నారంటే వాళ్లకి పద్ధతి తెలియకపోయి ఉండాలి, లేదా పద్ధతిగా చేసే ఓపిక లేకపోయి ఉండాలి. రెండిట్లో ఏదైనా మీకు మంచిది కాదు.

మీ విషయంలో మొదటి పని అసలు ఏజెన్సీది కాదు, మీ అబ్బాయిది. ఇప్పుడు పేజీ మీద పూర్తి అధికారం ఉన్నది వాడొక్కడికే. రేపు వాడి అకౌంట్ హ్యాక్ అయినా, ఫేస్‌బుక్ వాడి అకౌంట్ ఆపేసినా మీ పేజీని నడిపే మనిషే ఉండరు. కాబట్టి వాడు హైదరాబాద్ వెళ్లకముందే పక్కన కూర్చోబెట్టుకుని చేయించండి. వాడు తన ఫోన్‌లో పేజీ ప్రొఫైల్‌కి మారి, సెట్టింగ్స్‌లో పేజ్ యాక్సెస్ అనే చోటికి వెళ్లాలి, ప్రొఫెషనల్ డాష్‌బోర్డ్‌లో కూడా అదే కనిపిస్తుంది. మెనూ పేర్లు అప్పుడప్పుడూ కాస్త అటూ ఇటూ మారుస్తుంటారు, కంగారు పడకండి. అక్కడ మీ సొంత అకౌంట్‌ని చేర్చి ఫుల్ కంట్రోల్ ఇవ్వాలి. మీకు ఇన్విటేషన్ వస్తుంది, దాన్ని మీరు ఒప్పుకుంటేనే పని పూర్తయినట్టు. చాలామంది పంపించేసి అయిపోయింది అనుకుంటారు, అవతలివాళ్లు దాన్ని చూసుకోరు.

ఫుల్ కంట్రోల్ అంటే ఏంటో తెలిసి ఇవ్వండి. అది ఉన్నవాళ్లు కొత్తవాళ్లని చేర్చగలరు, ఉన్నవాళ్లని తీసేయగలరు, పేజీ పెట్టిన మనిషినే తీసేయగలరు, పేజీని డిలీట్ కూడా చేయగలరు. "పెట్టింది నేనే కదా" అన్న హక్కు అక్కడ పనిచేయదు. అందుకే అది ఇంట్లో ఇద్దరి దగ్గరే ఉండాలి. ఒక్కరే వద్దు, వాళ్ల ఫోన్ పోతే పని ఆగిపోతుంది. నలుగురైదుగురు అసలే వద్దు.

మీ వీధి అమ్మాయికి టాస్క్ యాక్సెస్ సరిపోతుంది. మెసేజ్‌లు, కామెంట్లు, పోస్టులు, యాడ్స్, ఇన్‌సైట్స్ (పేజీని ఎంతమంది చూశారన్న లెక్కలు) ఇలా పనులు విడివిడిగా ఉంటాయి, ఆ అమ్మాయికి మెసేజ్‌లు, కామెంట్లు మాత్రం ఆన్ చేయండి. తను తన సొంత అకౌంట్‌తోనే మెటా (ఫేస్‌బుక్ కంపెనీ పేరే) వాళ్ల బిజినెస్ సూట్ యాప్‌లోకి వెళ్లి జవాబులిస్తుంది. కొనేవాళ్లకి మాత్రం మీ పేజీ పేరే కనిపిస్తుంది. మీ ఇన్‌స్టా బిజినెస్ అకౌంట్ పేజీకి కలిపి ఉంటే ఆ మెసేజ్‌లు కూడా అక్కడే చూడొచ్చు, ఇన్‌స్టా పాస్‌వర్డ్ కూడా చెప్పక్కర్లేదు.

ఇక ఏజెన్సీ. మీ పేరు మీద మెటా బిజినెస్ పోర్ట్‌ఫోలియో తెరవండి, వ్యాపారం పేజీలు, యాడ్ అకౌంట్లు ఒకచోట పెట్టుకుని ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలో చూసుకునే ఖాతా అది, ఇంతకుముందు బిజినెస్ మేనేజర్ అనేవారు. పేజీని, యాడ్ అకౌంట్‌ని దాంట్లో పెట్టండి. ఏజెన్సీకి కూడా వాళ్ల పోర్ట్‌ఫోలియో ఉంటుంది, దాని బిజినెస్ ఐడీ అడగండి, ఉత్త నంబరే అది. మీ సెట్టింగ్స్‌లో పార్ట్‌నర్స్ దగ్గర ఆ నంబర్ వేసి పేజీకి యాడ్స్, ఇన్‌సైట్స్ వరకు, యాడ్ అకౌంట్‌కి క్యాంపెయిన్లు నడిపే వరకు అనుమతి ఇవ్వండి. వాళ్ల ఆఫీసులో ఎవరు చేస్తారు, ఎవరు మానేశారు అన్న లెక్క వాళ్లు చూసుకుంటారు. వద్దనుకున్న రోజు పార్ట్‌నర్‌ని తీసేస్తే వాళ్ల మనుషులందరికీ ఒకేసారి దారి మూసుకుపోతుంది.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్తాను. ఒక పేజీకి ఒక్క పోర్ట్‌ఫోలియోనే సొంతదారు అవుతుంది. కొంతమంది "సులువుగా ఉంటుంది" అని మీ పేజీని వాళ్ల పోర్ట్‌ఫోలియోలోనే సొంతంగా చేర్చేసుకుంటారు. అప్పుడు వాళ్లు వదిలితే తప్ప మీ పోర్ట్‌ఫోలియోలోకి తెచ్చుకోవడం చాలా కష్టం. యాడ్ అకౌంట్ కూడా అంతే, వాళ్ల అకౌంట్‌లో వేయిస్తే ఏ ఊళ్లో ఏ యాడ్‌కి ఆర్డర్లు వచ్చాయన్న చరిత్ర అంతా వాళ్ల దగ్గరే మిగిలిపోతుంది. డబ్బు మీరు కడుతున్నారు, ఆ చరిత్ర మీదే కావాలి. యాడ్ అకౌంట్‌లో స్పెండింగ్ లిమిట్ అని ఉంటుంది, పండగ బడ్జెట్ ఎంతో అంతే పెట్టండి, అది దాటగానే యాడ్స్ ఆగిపోతాయి.

రావులపాలెం సెల్ పాయింట్:

ఇంత గొడవ ఎందుకండీ. మేం షాపు పేరుతోనే ఒక ఫేస్‌బుక్ ఐడీ చేశాం, పాస్‌వర్డ్ కౌంటర్‌లో అందరికీ తెలుసు, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు రిప్లై ఇస్తారు. ఇంతవరకు బాగానే నడుస్తోంది. ఇంటి మనుషులతో చేసే చిన్న వ్యాపారానికి పోర్ట్‌ఫోలియో, పార్ట్‌నర్ అంటే ఆవిడ భయపడి అసలు పనే మానేస్తారు.

భీమవరం డిజిటల్:

భయపెట్టాలని కాదు బ్రదర్. కానీ షాపు పేరుతో మనిషి ప్రొఫైల్ పెట్టడం ఫేస్‌బుక్ రూల్స్‌కి విరుద్ధం, వాళ్లు ఎప్పుడైనా దాన్ని ఆపేయొచ్చు, దాంతో పేజీ కూడా మీ చేతిలోంచి పోతుంది. ఒకే ఐడీతో నాలుగు ఫోన్లలో లాగిన్ అవుతుంటే ఏదో ఒక రోజు అనుమానం వచ్చి కోడ్ అడుగుతుంది, ఆ కోడ్ వెళ్లే ఫోన్ ఉన్న మనిషి ఆ రోజు ఊళ్లో ఉండడు. కస్టమర్‌తో ఎవరైనా దురుసుగా మాట్లాడితే ఎవరు మాట్లాడారో కూడా తెలియదు. పనిలో ఉన్నవాళ్లు మానేసిన ప్రతిసారీ పాస్‌వర్డ్ మార్చి మళ్లీ అందరికీ చెప్పాలి. మీకు ఇప్పటిదాకా బాగానే జరిగింది, సంతోషం, కానీ కొత్తగా మొదలుపెట్టే వాళ్లకి మాత్రం అది చెప్పొద్దు. ఆవిడకి పోర్ట్‌ఫోలియో కష్టం అనిపిస్తే అది ఏజెన్సీ ఖాయమయ్యాక చూసుకోవచ్చు. అబ్బాయి నుంచి ఫుల్ కంట్రోల్, అమ్మాయికి టాస్క్ యాక్సెస్, ఈ రెండూ ఫోన్‌లో కూర్చుని ఇవాళే అయిపోయే పనులు.

ఆత్రేయపురం కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. మా అబ్బాయిని కూర్చోబెట్టి ఫుల్ కంట్రోల్ పెట్టించుకున్నాను, ఇన్విటేషన్ కూడా ఒప్పుకున్నాను, ఇప్పుడు నా ఫోన్‌లోనూ పేజీ మొత్తం కనిపిస్తోంది. రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, రెండో మనిషిగా మా అబ్బాయినే ఉంచాలా, లేక మా ఆయన్ని పెట్టి వాడిని తీసేయాలా? తీసేస్తే వాడు నొచ్చుకుంటాడేమో, పేజీ అంతా వాడి కష్టమే. రెండోది, మా ఆర్డర్లు చివరికి వచ్చేది వాట్సాప్‌కే, అడ్రస్‌లు అన్నీ అందులోనే. ఆ అమ్మాయికి అది ఎలా ఇవ్వాలి?

నరసాపురం లేసు:

అక్కా, అబ్బాయిని తీసేయకండి, నమ్మకమైన మనిషి, పని తెలిసినవాడు. మీరు నిద్రలో ఉండగా ఏదైనా జరిగితే హైదరాబాద్ నుంచే ఆపగలడు. మీ ఆయన ఫేస్‌బుక్ పెద్దగా వాడకపోతే ఆయనకి ఫుల్ కంట్రోల్ ఇచ్చినా ఉపయోగం తక్కువ. కానీ ఒక షరతు, మీరిద్దరూ మీ అకౌంట్లకి టూ ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకోవాలి. పేజీలో ఎంత జాగ్రత్తగా అనుమతులు పంచినా, ఫుల్ కంట్రోల్ ఉన్న ఒక్కరి అకౌంట్ పోతే అన్నీ పోయినట్టే. ఆ కోడ్ ఎస్సెమ్మెస్‌లో రావడం కంటే, ఫోన్‌లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ మంచిది. రికవరీ కోడ్లు ఇస్తుంది, వాటిని ఒక కాగితం మీద రాసి ఇంట్లో దాచండి, ఫోన్ పోయిన రోజు అవే దిక్కు. పోర్ట్‌ఫోలియో తెరిచాక అందులో ఉన్న అందరికీ టూ ఫ్యాక్టర్ తప్పనిసరి చేసే సెట్టింగ్ ఉంటుంది, అది కూడా ఆన్ చేయండి.

వాట్సాప్ బిజినెస్‌లో మాత్రం ఫేస్‌బుక్ లాగా పనులు విడగొట్టి ఇచ్చే వీలు అంత లేదు. ఫోన్‌తో పాటు 4 పరికరాలు లింక్ చేయొచ్చు, అమ్మాయి ల్యాప్‌టాప్‌లోనో ఫోన్‌లోనో క్యూఆర్ కోడ్‌తో లింక్ చేస్తే ఆర్డర్లు చూస్తుంది. కాకపోతే అన్ని చాట్‌లూ తనకి కనిపిస్తాయి. అందుకే సొంత మాటలు మాట్లాడుకునే నంబర్ వేరే, వ్యాపారం నంబర్ వేరే ఉండాలి. మేం లేసు ఆర్డర్లకి వేరే సిమ్ పెట్టుకున్నది అందుకే. లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి తెలియనిది ఏదైనా ఉందేమో అప్పుడప్పుడూ చూసుకోండి, అక్కడే లాగౌట్ చేయొచ్చు. టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టండి. వాట్సాప్ పంపే 6 అంకెల కోడ్ ఆ అమ్మాయికి కూడా చెప్పకండి, లింక్ చేయడానికి ఆ కోడ్ అక్కర్లేదు.

ఆ అమ్మాయికి మొదటి రోజే ఇంకో సంగతి చెప్పండి. "మీ పేజీ కాపీరైట్ ఉల్లంఘించింది, ఇరవై నాలుగు గంటల్లో మూసేస్తాం, ఈ లింక్ నొక్కి అప్పీల్ చేయండి" అని మెటా సపోర్ట్ లాంటి పేరుతో పేజీకి మెసేజ్‌లు వస్తాయి. నీలం గుర్తు, లోగో అన్నీ పెట్టుకుని వస్తారు. అది దొంగ లింక్, పాస్‌వర్డ్ కొట్టించుకోవడానికే. మెసేజ్‌లు చూసే పిల్ల కంగారు పడి నొక్కేస్తుంది, పాపం తన తప్పు కూడా కాదు. అలాంటివి వస్తే ముట్టుకోకుండా మీకు చూపించమనండి. నిజంగా ఏదైనా సమస్య ఉంటే పేజీలోనే సపోర్ట్ ఇన్‌బాక్స్‌లో కనిపిస్తుంది. ఎవరో తెలియని కంపెనీ నుంచి పార్ట్‌నర్ రిక్వెస్ట్ వచ్చినా ఒప్పుకోకండి. ఎప్పుడైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కడియం నర్సరీ:

గూగుల్ మ్యాప్‌లో కూడా మీ దుకాణం ఉంది కదమ్మా? ఆత్రేయపురం వచ్చేవాళ్లు దాన్ని చూసే వెతుక్కుంటారు. అది ఎవరి మెయిల్ మీద ఉందో చూసుకోండి, దానికి కూడా ఓనర్, మేనేజర్ అని వేరువేరుగా ఉంటాయి. ఏజెన్సీ అడిగితే మేనేజర్ ఇవ్వండి, మేనేజర్ వేరేవాళ్లని చేర్చలేరు, తీసేయలేరు. ప్రైమరీ ఓనర్ మీ జీమెయిల్ అవ్వాలి.

ఆత్రేయపురం కోడలు:

అది కూడా మా అబ్బాయి మెయిల్ మీదే ఉందండి! ఇప్పుడే అడిగాను. నా పేరు మీదకి వెంటనే మారిపోతుందా?

భీమవరం డిజిటల్:

వెంటనే కాదండి. ముందు మిమ్మల్ని ఓనర్‌గా చేర్చమనండి, మీరు ఒప్పుకున్నాక 7 రోజులు ఆగాలి. కొత్తగా చేరినవాళ్లు ఆ 7 రోజుల్లో ప్రైమరీ ఓనర్ అవ్వడం, పాతవాళ్లని తీసేయడం లాంటివి చేయలేరు, దొంగలు చేరి లాగేసుకోకుండా పెట్టిన అడ్డు అది. కాబట్టి ఆ రిక్వెస్ట్ ఇవాళే పంపించమనండి. ఏజెన్సీకి కూడా ఫోన్ చేసి "మీ బిజినెస్ ఐడీ ఇవ్వండి, పార్ట్‌నర్‌గా చేరుస్తాం" అని చెప్పి చూడండి, ఇస్తే మాట్లాడి ముందుకెళ్లండి, కాదు పాస్‌వర్డే కావాలంటే వేరేవాళ్లని చూసుకోండి.