వేరే దేశాలతో చేసుకునే వాణిజ్య ఒప్పందం కాగితం సంతకం కాకముందే మనకి చూపించాలా, వద్దా?

అల్లూరు వెనామీ:

మాది అల్లూరు పక్కన. నాలుగు రొయ్యల గుంటలు, అందులో రెండు లీజువి. ఇంటి వెనక ఆరు గేదెలు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం మొదట 25, నెలాఖరుకి 50 శాతం చేసిన రోజులు ఇక్కడ అందరికీ గుర్తుండే ఉంటాయి. అప్పటికే మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే డంపింగ్ సుంకం ఒకటి, సబ్సిడీల పేరుతో ఇంకొకటి ఉండనే ఉన్నాయి. మా గుంటలో 60 కౌంట్ (కిలోకి అరవై తూగే) సరుకు పట్టుబడికి సిద్ధంగా ఉంది. పొద్దున ఒక రేటు చెప్పిన ఏజెంటు సాయంత్రం ఫోన్ ఎత్తలా. ఏరేటర్లు తిరుగుతానే ఉండాయి, కరెంటు బిల్లు ఎక్కుతానే ఉంది, మేత పడాల్సిందే. రేపు పట్టేద్దామా, ఇంకో వారం ఆగుదామా అని రాత్రంతా గట్టు మీదే కూర్చున్నాం నేనూ మా తమ్ముడూ. ఈలోపు తెల్లమచ్చ తెగులు తగిలితే అసలుకే ఎసరు.

టీవీ పెడితే ‘చర్చలు సానుకూలంగా సాగుతున్నాయి’. రోజూ అదే మాట. మన తరఫున ఏం అడుగుతున్నారు, బదులుగా ఏం ఇస్తామంటున్నారు? ఒక్క ముక్క బయటికి రాలా. రేపు రొయ్యకి దారి తెరిపించుకుని, దానికి మారుగా పాలపొడికి మన తలుపు తీస్తే నా గుంట బతుకుద్ది, నా గేదెలు పోతాయి. నాకంటే గుంట ఉంది, సర్దుకుంటా. మా పక్కింటాయనకి గేదెలే ఆధారం. ఆయన నోటికాడ కూడు తీసి నాకు పెడుతుంటే ఆ సంగతి ఆయనకీ నాకూ ముందే తెలియొద్దా?

నేననేది ఒకటే. బేరం ఎట్టా నడుపుకుంటారో నడుపుకోండి. సంతకం పెట్టేముందు మాత్రం కాగితం జనం ముందు పెట్టాలి, పార్లమెంటులో చర్చ జరగాలి. మీరేమంటారు?

కృష్ణపట్నం రేవు:

అన్నా, పదిహేనేళ్ళుగా ఎగుమతి కాగితాల పనిలో ఉన్నా. నీ బాధ నిజం, కానీ పుండు ఒకచోట, మందు ఇంకోచోట. ఆ 50 శాతం దెబ్బ రహస్య ఒప్పందం వల్ల రాలేదు, సగం ఒప్పందం లేకపోవడం వల్ల, సగం రష్యా చమురు కొంటున్నామని వచ్చింది. మనతో పోటీపడే ఈక్వెడార్ రొయ్య మీద అప్పుడు 15 శాతమే వేశారు. అమెరికాలో కొనేవాడు ఎవరి దగ్గరికి పోతాడు?

పట్టుబడి రోజు ఏజెంటు గట్టు మీదికొచ్చి నిలబడితే ‘నాకు కిలోకి ఇంతొస్తే చాలు సామీ’ అని ముందే చెప్తావా? చెప్పవు గదా. దేశం కూడా అంతే. బ్రిటన్‌తో 2022లో చర్చలు మొదలుపెట్టి 2025 జులై 24న సంతకాలు చేశారు. వాళ్ళ విస్కీ మీద 150 శాతం సుంకాన్ని ముందు 75కి, పదేళ్ళకి 40కి దించడానికి ఒప్పుకున్నాం. మనం 40 దాకా దిగుతామని ముందే పేపర్లో పడుంటే అవతలోళ్ళు 30 అడిగుండేవాళ్ళు. నువ్వు భయపడే పాలని ఆ ఒప్పందంలో ముట్టుకోనివ్వలేదు, యాపిల్స్‌నీ అంతే. మన రొయ్యకి సుంకం తీసేయించారు. సంతకమైన రోజే మొత్తం వెబ్‌సైట్లో పెట్టారు. ఇంక దాచిందేముంది?

కొండపి బేరన్:

రేవు తమ్ముడూ, నువ్వు బేరం మాట ఎత్తావు గాబట్టి నేనూ బేరం గురించే చెప్తా.

మా నాయన గిత్తల్ని సంతకి తోలుకెళ్ళేవాడు. చిన్నప్పుడు నేనూ వెంటపడి పోయేవాణ్ణి. అక్కడ రేటు నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుని, లోపల వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. చుట్టూ వందమంది నిలబడినా ఒక్కడికీ అంతుపట్టదు. నా కళ్ళు ఆ గుడ్డ మీదే ఉండేయి, లోపల ఏ వేలు కదులుతుందో అని. అది రహస్యమే, దాన్ని నేను తప్పనను. కానీ ఆ గుడ్డ కింద ఉండేది గిత్త సొంతదారుడి చెయ్యి. దళారి చెయ్యి అయితే ఆయన గుడ్డ తీసి, పక్కకొచ్చి, రైతు చెవిలో రేటు చెప్పేవాడు. రైతు తల ఊపాకే పగ్గం చేతులు మారేది. మా నాయన ఒకసారి తల ఊపలేదు. గిత్తని వెనక్కి తోలుకొచ్చాం, పన్నెండు మైళ్ళు నడిచి.

ఇప్పుడు జరిగేదేంది? గిత్త మనది, చెయ్యి ఢిల్లీది. పగ్గం చేతులు మారినాక మనకి రేటు చెప్తున్నారు. సంతకమైన రోజు వెబ్‌సైట్లో పెట్టడమంటే అదే.

పొగాకు సంగతి కూడా విను. 1985కి ముందు మా సరుకు కంపెనీ గోడౌన్లకి తోలేవాళ్ళం. గ్రేడు వాళ్ళు చెప్పిందే, ధర వాళ్ళు చెప్పిందే, డబ్బు వాళ్ళు ఇచ్చినప్పుడే. 1975లో పొగాకు బోర్డు చట్టం వచ్చింది, 1985లో మన రాష్ట్రంలో వేలాలు మొదలయినాయి. బేళ్ళు వరసగా పేర్చి ఉంటాయి, గ్రేడు, రేటు చీటీ మీద ఉంటాయి, అందరి కళ్ళ ముందూ పాట. వ్యాపారులు కుమ్మక్కు కారా అంటే అవుతారు. పాడేవాడు లేక నోబిడ్లు పడతాయి. 2015లో ధర కూలి మన జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు, ఆ ఇళ్ళకి నేను పోయొచ్చా. అయినా ఏ రోజు ఏ గ్రేడు ఎంతకి పోయిందో దాచలేరు. దాచలేరు గాబట్టే రోడ్డు మీద కూర్చుని అడగగలిగాం.

ట్రంకురోడ్డు వకీలు:

కొండపి పెద్దాయన చెప్పిన తుండుగుడ్డ మన చట్టంలో ఎక్కడుందో చెప్తాను.

రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో విదేశాలతో ఒప్పందాలు కేంద్ర జాబితాలో 14వ అంశం. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం, చేపలూ రొయ్యలూ 21. అంటే పంట రాష్ట్రానిది, ఆ పంట మీద బయటి దేశానికి మాటిచ్చే అధికారం కేంద్రానిది. 253వ అధికరణ ప్రకారం ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి రాష్ట్రాల అంశాల మీద కూడా పార్లమెంటు చట్టం చేయొచ్చు. మాట ఇచ్చేముందు పార్లమెంటుని అడగాలని మాత్రం ఎక్కడా లేదు. కేబినెట్ ఆమోదం చాలు. సుంకం తగ్గించడానికి కస్టమ్స్ నోటిఫికేషన్ చాలు. 2002లో రాజ్యాంగం పనితీరుని సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ ఈ లోటు ఎత్తిచూపి, ఒప్పందాలను పార్లమెంటు కమిటీ పరిశీలించే పద్ధతి చట్టంగా తేవాలని సిఫారసు చేసింది. ఆ చట్టం ఇంతవరకు రాలేదు.

ఇప్పుడు బ్రిటన్ వైపు చూడండి. వాళ్ళ 2010 చట్టం ప్రకారం ఒప్పందాన్ని ధ్రువీకరించే ముందు పార్లమెంటు ముందు 21 పనిదినాలు ఉంచాలి. ఆ లోపు కామన్స్ సభ వద్దని తీర్మానిస్తే ప్రభుత్వం ముందుకి పోలేదు, కారణాలు చెప్పుకుని మళ్ళీ సభ ముందుకి రావాలి. యూరప్‌లో అయితే వాళ్ళ పార్లమెంటు ఓటు లేకుండా ఒప్పందం లేదు. నకిలీ సరుకుల పేరుతో చాటుగా నడిపిన ఆక్టా ఒప్పందాన్ని 2012 జులై 4న 478 మంది కాదన్నారు, అవునన్నది 39 మంది. అది అక్కడితో పోయింది. ఒకే ఒప్పందం, ఒకే కాగితం. లండన్లో ఎంపీలు దాన్ని నిలదీసి ఆపొచ్చు, మన నెల్లూరు ఎంపీ ప్రశ్న అడగొచ్చు, జవాబు విని కూర్చోవచ్చు. అంతవరకే.

నేనే ఒక సంఘం తరఫున సమాచార హక్కు కింద ఒక కేంద్ర కార్యాలయాన్ని అడిగాను, సముద్ర ఉత్పత్తుల మీద రాష్ట్రంలో ఎవరెవరిని సంప్రదించారో పేర్లు ఇవ్వమని. బేరంలో మన కనీస ధర అడగలేదు, సంప్రదించినవాళ్ళ పేర్లే అడిగాను. దేశ ప్రయోజనాలకి, విదేశీ సంబంధాలకి చేటు చేసే సమాచారం ఇవ్వక్కర్లేదనే సెక్షన్ 8(1)(ఎ) కింద కుదరదని ఒకే వాక్యం వచ్చింది. ప్రజా ప్రయోజనం పెద్దదైతే ఇవ్వొచ్చని అదే చట్టంలో 8(2) ఉంది. దాని ఊసే లేదు.

దర్గామిట్ట లెక్చరర్:

ముప్పై ఏళ్ళు ఎకనామిక్స్ చెప్పినవాణ్ణి, నేను రేవు తమ్ముడి పక్కనే నిలబడతాను. కాగితం ముందే పెడితే మొదట చదివేది అల్లూరు రైతు కాదండీ. పెద్ద పెద్ద కంపెనీల లాయర్లు చదువుతారు. ఏ పేరాలో ఎవరికి లాభమో లెక్కగట్టి ఢిల్లీలో వాలిపోతారు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో ఒప్పందాన్ని 2009లో కేరళ ప్రభుత్వం వ్యతిరేకించింది, రోడ్ల మీద మానవహారం కట్టారు. వాళ్ళ రబ్బరు, మిరియాల భయం వాళ్ళది. ఒక్కో రాష్ట్రం ఒక్కో పంట పట్టుకుని కూర్చుంటే ఒప్పందమనేదే పుట్టదు.

ఇంకొకటి. చైనా, ఆసియాన్ లాంటి దేశాలతో కలిసి చేసుకోవాలనుకున్న ఆర్సెప్ వాణిజ్య ఒప్పందం చర్చలు ఏడేళ్ళు తలుపులేసుకునే నడిచాయి. అయినా పాడి రైతుల గోల ఢిల్లీకి వినబడింది, 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మన ప్రధాని చేరబోమని చెప్పి వచ్చేశారు. కాగితం చూడకుండానే జనం మాట చెల్లింది కదా?

అల్లూరు వెనామీ:

సార్, చెల్లింది ఎవరి మాటో ఒకసారి చూడండి. పాల సహకార సంఘాలకి దేశమంతా యూనియన్లున్నాయి, ఢిల్లీలో మనుషులున్నారు. వాళ్ళకి లోపలి కబురు అందింది. మేము అల్లూరులో గుంట గట్టున ఉండేవాళ్ళం, మాకెవరు చెప్పారు? పెద్ద కంపెనీల లాయర్లు కాగితం ముందే చదువుతారన్నారు. వాళ్ళకి ఇప్పుడు మాత్రం తెలీదా? ఎగుమతిదారుల సంఘాలని, పరిశ్రమల సంఘాలని పిలిచి మాట్లాడతారు, అది పేపర్లోనే వస్తుంది. తలుపు వాళ్ళకి ఓరగా తీసి ఉంది, మాకు గొళ్ళెం పెట్టి ఉంది. దాన్ని రహస్యమనడం కూడా తప్పే.

కొత్తపట్నం పాలెం:

అన్నా, మాది వేట కుటుంబం. మా అన్న ఇంజను బోటు మీద పోతాడు. ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోలో చేపల వేట రాయితీల మీద 2022 జూన్ 17న జెనీవాలో ఒప్పందం కుదిరింది. అక్కడ ముసాయిదాలు ముందే బయట పెట్టారు. అందుకే డీజిల్ రాయితీకి ఏమవుతుందో మత్స్యకార సంఘాలు ముందే పట్టుకుని అడిగాయి. మన దేశం తనలాంటి దేశాలకి 25 ఏళ్ళ గడువు కావాలని పట్టుబట్టింది. ముసాయిదా బయటుంటే చర్చలు కూలిపోలేదు, మన వాదన గట్టిపడింది. నూట అరవైకి పైగా దేశాలు కూర్చునే చోట కుదిరింది ఇద్దరు కూర్చునే చోట ఎందుకు కుదరదు?

కృష్ణపట్నం రేవు:

అక్కా, డబ్ల్యూటీవో వేరు. అక్కడ అందరికీ ఒకే పుస్తకం. ఇద్దరి మధ్య బేరంలో ఒకడు చూపిస్తే రెండోవాడు ఒప్పుకోవాలి గదా. జర్మనీలో కూడా అమెరికాతో జరిగే చర్చల కాగితాలు ఎంపీలు చూడాలంటే 2016లో ప్రత్యేకంగా ఒక గది పెట్టారు. ఫోన్లు బయటే వదలాలి, రెండు గంటలకి మించి కూర్చోకూడదు.

ట్రంకురోడ్డు వకీలు:

గది పెట్టారు కదా తమ్ముడూ. మన ఎంపీకి ఆ గది కూడా లేదు.

బయట పెడితే బేరం చెడుతుందన్న మాటకి మన ప్రభుత్వమే ఒకసారి జవాబు చెప్పింది. ఇది నాకు చాలా ముఖ్యమైన సంగతి, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా. వైట్ ఇండస్ట్రీస్ అని ఆస్ట్రేలియా గనుల కంపెనీ. మన ప్రభుత్వ బొగ్గు కంపెనీ కోల్ ఇండియాతో తగువు మన కోర్టుల్లో ఏళ్ళ తరబడి నానింది. ఆ ఆలస్యాన్నే కారణంగా చూపి వాళ్ళు పెట్టుబడుల రక్షణ ఒప్పందం కింద మన దేశం మీద కేసు వేసి 2011లో గెలిచారు. ఎట్టా గెలిచారో తెలుసా? ఆస్ట్రేలియాతో మన ఒప్పందంలో వాళ్ళకి పనికొచ్చే వాక్యం లేదు. మనం కువైట్‌తో చేసుకున్న ఒప్పందంలో ఉంది. ‘కువైట్ వాళ్ళకి ఇచ్చింది మాకూ ఇవ్వాలి’ అని దాన్ని తెచ్చి మన నెత్తిన పెట్టారు. ఆ ఒప్పందాలు రాసేనాడు ఆ వాక్యాలు పక్కపక్కన పెట్టి చదివిన ఎంపీ ఒక్కరుంటే ఈ గతి పట్టేదా?

ఆ దెబ్బ తర్వాత, ఇక మీదట పెట్టుబడుల ఒప్పందాలకి పనికొచ్చేలా కొత్త నమూనా ఒప్పందం రాశారు. 2015లో ఆ ముసాయిదాని జనం సలహాల కోసం కేంద్రం నడిపే మైగవ్ వెబ్‌సైట్లో పెట్టారు. లా కమిషన్ తన 260వ నివేదికలో లోపాలు చూపించింది. ఆ ఏడాది చివర్లో కేబినెట్ తుది నమూనా ఆమోదించింది. అవతలి దేశాలన్నీ మనం ఏం అడగబోతున్నామో చదివేశాయి. కొంపేమీ మునగలేదు. ఏ అంశం ఎంతవరకు దిగుతామో చెప్పనక్కర్లేదు, ఏం కోరుతున్నామో చెప్పొచ్చు. ఈ తేడా దగ్గరే మనం నిలబడాలి.

దర్గామిట్ట లెక్చరర్:

నమూనా సంగతి ఒప్పుకుంటున్నాను, అది బలమైన ఉదాహరణ. సంతకానికీ అమలుకీ మధ్య పార్లమెంటులో కొన్ని వారాలు చర్చ పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. బేరం నడుస్తుండగా సుంకాల పట్టిక బయట పెట్టడం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

కొండపి బేరన్:

నేను అడిగేదీ అదేనయ్యా, తల ఊపేదాకా పగ్గం ఇవ్వొద్దని. కానీ సంతకమయ్యాక చర్చ అంటే పగ్గం సగం ఇచ్చినట్టే, అది ముందే జరగాలి.

ఇంకో బాధ ఉంది. కాగితం బయట ఉన్నా మనకి అందుతుందా? పొగాకు నియంత్రణ మీద అంతర్జాతీయ ఒడంబడికని మన దేశం 2004లో ఒప్పుకుంది. అదేం దాచిన కాగితం కాదు. అందులో 17వ అధికరణలో, పొగాకు పండించేవాళ్ళకి వేరే బతుకుదెరువు చూపించడానికి దేశాలు తోడ్పడాలని రాసుంది. ఇరవై ఏళ్ళు నేను పొగాకు కాల్చే బ్యారన్ కాడ కర్రలు మోస్తూ ఉన్నా, ఆ ముక్క నాకు తెలీదు. వేలం కేంద్రంలో ఎవరో కుర్రాడు ఫోన్లో ఇంగ్లీషు చదివి చెబితే పోయినేడు తెలిసింది. తెలిసుంటే ఇరవై ఏళ్ళుగా అడిగేవాళ్ళం గదా.

వకీలు గారూ, బ్రిటన్ ఒప్పందంలో రైతుకి తగిలే పేజీలు ఎన్నో నాకు తెలీదు. పొగాకు, పాలు, రొయ్యల ముక్కలు తెలుగులో రాసి పంపండి. ఒంగోల్లో అచ్చేయించి వేలం కేంద్రం నోటీసు బోర్డు పక్కన గోడకి అంటిస్తా. మైదా నేనే ఉడకేసుకుంటా.

ట్రంకురోడ్డు వకీలు:

ఆదివారం కూర్చుంటానండీ. సుంకాల పట్టికలో రొయ్య ఏ నంబరు కింద ఉందో రేవు తమ్ముడు చూపిస్తే పని సగం అవుతుంది.

కృష్ణపట్నం రేవు:

0306. ఆ నంబర్లు నాకు నిద్రలో కూడా వస్తాయి. వాదన వాదనే, కాగితం పని మాత్రం నేను చేసిపెడతా.

అల్లూరు వెనామీ:

రొయ్యల పేజీ నాకూ ఒకటి పంపండి. మేత కొట్టు తలుపు మీద పెడతా, పొద్దున ఆరింటికే అందరూ అక్కడికే వస్తారు. పాల పేజీ మా పక్కింటాయనకి నేనే చదివి వినిపిస్తా.