శనివారం పెళ్లికి పూల అలంకరణ: ఎవరెవరు ఏం చేద్దాం?

అలంకరణ కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. ఈ పెళ్లికి ప్లాస్టిక్ పూలు వద్దని మొన్న మీటింగ్‌లో అనుకున్నాం కదా. మన సభ్యుల పెరళ్లలో బంతి, చామంతి, డాలియా విరగబూశాయి. పూలకి కొదవ లేదు. కొదవంతా చేతులకీ, టైముకే. హాలు ఉదయం 6 గంటలకు గానీ తెరవరు, ముహూర్తం 10:30కి.

పూలు ఇన్ని ఉన్నాయి కాబట్టి ప్రతి కుర్చీకీ, ప్రతి గోడకీ కట్టాలనిపిస్తుంది. దయచేసి వద్దు. అలా పంచేస్తే ఎక్కడా నిండుగా ఉండదు. గుమ్మం దగ్గర కొన్ని, నడిచే దారికి రెండు వైపులా కొన్ని, మిగతావన్నీ మండపానికే. ఇరువైపుల పెద్దవాళ్లు ఇంత దూరం రాలేక వీడియోలో చూడబోతున్నారు. వాళ్లకి కనిపించేది మండపం ఒక్కటే. అది కళకళలాడాలని నా తాపత్రయం.

ఇక లెక్క. మనకున్న బంతిపువ్వు అడ్డంగా సుమారు 5 సెంటీమీటర్లు. ఒత్తుగా గుచ్చితే మీటరుకి 30 పూలు పడుతున్నాయి. 2 మీటర్ల దండలు 40 కావాలి, అంటే 2,400 పూలు. నిన్న ఇంట్లో గుచ్చి చూశాను, మీటరుకి పావుగంట పట్టింది. మొత్తం 20 గంటల పని. ఎనిమిది మంది కూర్చుంటే రెండున్నర గంటల్లో అయిపోతుంది. శుక్రవారం సాయంత్రం 6 గంటలకు మా ఇంటికి ఎవరెవరు రాగలరు?

పెరటి పూలు ఇస్తున్న సభ్యురాలు:
నేను వస్తాను అక్కా, మా అత్తయ్య గారు కూడా వస్తారు. కోత గురించి ఒక మాట. శుక్రవారం పొద్దున్నే, ఎండ ముదరకముందే కోయండి. డాలియా మొగ్గలు కోస్తే తర్వాత సరిగ్గా విచ్చుకోవు, బాగా విచ్చుకున్నవే కోయాలి. కాడల పూలకి కింది ఆకులు తీసేసి, కాడ చివర ఏటవాలుగా కత్తిరించి, వెంటనే శుభ్రమైన బకెట్ నీళ్లలో పెట్టండి. ఆకులు నీళ్లలో మునిగితే కుళ్లి, ఆ నీళ్లు పూలనీ పాడు చేస్తాయి. రాత్రంతా చల్లని చోట ఉంచితే తెల్లారేసరికి నిటారుగా నిలబడతాయి.

దండలకి కోసే బంతికి మాత్రం నీళ్లు తగలనివ్వకండి. తడితో గుచ్చి డబ్బాలో పెడితే తెల్లారేసరికి నల్లబడతాయి. పోయినసారి నా చేతుల్లోనే రెండు డబ్బాలు అలా పాడయ్యాయి, ఇప్పటికీ బాధగా ఉంది.

హాలు బాధ్యతలు చూస్తున్న వాలంటీర్:
అక్కా, గోడలకి మేకులు, టేపు వేయకూడదని హాలు వాళ్లు గట్టిగా చెప్పారు. దండలన్నీ మండపం ఫ్రేముకే కట్టాలి. నడిచే దారిలో నేల మీద రేకులు చల్లొద్దు, అడుగు పడితే జారతాయి, చిన్నపిల్లలు పరిగెత్తే చోటు. అంచుల్లో గిన్నెల్లో నీళ్లు పోసి రేకులు తేలిద్దాం. లిల్లీలు ఎవరైనా తెస్తే లోపలి పుప్పొడి కాడలు ముందే తీసేయండి. ఆ పుప్పొడి పట్టుబట్టల మీద పడితే మరక పోదు. పొరపాటున పడితే తడిగుడ్డతో రుద్దకుండా, టేపు అంటించి లాగేయండి.

కొత్త వాలంటీర్:
గుమ్మం దగ్గర కుండీల్లో పూలు గుచ్చడానికి ఆకుపచ్చ ఫోమ్ కొననా ఆంటీ?

అలంకరణ కోఆర్డినేటర్:
వద్దమ్మా. అది కూడా ప్లాస్టిక్కే, మట్టిలో కలవదు. కోళ్లగూడుకి వాడే ఇనుప వల ముక్క ఉండలా చుట్టి కుండీలో పెట్టి నీళ్లు పోస్తే, కాడలు కదలకుండా నిలబడతాయి. మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. దండలకి కూడా నైలాన్ కాదు, నూలు దారమే తెండి. పెళ్లయ్యాక దండలు దారంతో సహా కంపోస్టులో వేసేయొచ్చు.

ఇంకొకటి, బకెట్లు పెట్టే గదిలో అరటిపళ్లు, యాపిల్స్ ఉంచకండి. మగ్గే పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి కొన్ని పూలు త్వరగా వాడిపోతాయి.

ఇప్పటికి గుచ్చడానికి ఐదుగురం అయ్యాం, ఇంకో ముగ్గురు కావాలి. శనివారం ఉదయానికి రెండు నిచ్చెనలు కూడా కావాలి.

హాలు బాధ్యతలు చూస్తున్న వాలంటీర్:
ఒక నిచ్చెన నా దగ్గర ఉందక్కా, ఎనిమిది అడుగులది. 5:45కల్లా హాలు గేటు దగ్గర ఉంటాను. ఇంకొకటి ఎవరైనా తెండి.