మార్గరెట్ వాకర్ ‘లినియేజ్’ పోయెమ్‌లో చివరి ప్రశ్నకి అర్థం ఏంది?

గుత్తి_పిల్ల:
అందరికీ నమస్తే. డిగ్రీ సెమినార్‌కి మార్గరెట్ వాకర్ లినియేజ్ (అంటే వంశం) తీసుకున్నా, 1942లో వచ్చిన పుస్తకంలోది, మొత్తం 12 లైన్లే. మా అవ్వలు గట్టోళ్లు అని మూడుసార్లు చెప్పి, నేనెందుకు వాళ్ల మాదిరి లేను అని అడిగి ఆపేస్తుంది. ఈ కాలం ఆడోళ్లు బలహీనం అని రాసేస్తే సరిపోతుందని క్లాస్‌లో అంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. మా అవ్వ కూలికి పోయి కట్టిన ఫీజుతో చదువుతున్నా, నేను తక్కువదాన్ని అని ఎట్ల రాసేది?

కళ్యాణదుర్గం_అక్క:
పాపా, ముందు ఆ అవ్వలు ఎవరో చూడు. వాకర్ 1915లో అలబామాలో పుట్టిన నల్లజాతి కవయిత్రి, అక్కడ బానిసత్వం పోయింది 1865లో, అంటే పెద్దగా దూరం లేదు. అయినా ఆ మాట పోయెమ్‌లో ఎక్కడా రాదు, మడక వెనక నడిచినారు, విత్తినారు, మట్టి ముట్టుకుంటే గింజ పండింది అంటుంది, ఆ గింజ ఎవరింటికి చేరిందో మాత్రం చెప్పదు, నాకు గుండె పట్టేసేది అక్కడే. మన పక్క శెనిక్కాయ విత్తేటప్పుడు గొర్రు వెనక జడ్డిగంలోకి, అంటే గొర్రు గొట్టాల మీదుండే గిన్నెలోకి, విత్తనం వదిలేది ఆడోళ్లే కదా, పిడికిట్లోంచి గింజలు సమంగా జారాల, చెయ్యి తడబడితే సాలు బోసిపోతుంది. మా జేజి ఎద్దుల నడకకి తగ్గట్టు పాడుకుంటా వదిలేది. పోయెమ్‌లో కూడా గట్టితనం పక్కనే పాట ఉంది, అది మర్చిపోవద్దు.

ఆదోని_సార్:
క్రియలు గమనించమ్మా. మొదటి భాగమంతా జరిగిపోయిన కాలం. రెండో భాగం మొదట్లో వర్తమానంలోకి వచ్చేస్తుంది, జ్ఞాపకాలతో నిండి ఉన్నారు అంటుంది, సబ్బు, ఎర్రగడ్డలు, తడి మట్టి వాసన, చేతుల మీద తేలిన నరాలు, అంతా పక్కన కూర్చుని చూస్తున్నట్టే ఉంటుంది. మళ్లీ ‘ఉండేవాళ్లు’ అని వెనక్కి పోయి, వెంటనే ఆ ప్రశ్న. ఇంకోటి, ప్రశ్న అడిగినామె ఊరికే కూర్చోలేదు, అవ్వ చెప్పిన బానిసత్వం నాటి కథలనే 1966లో జూబిలీ అనే నవల చేసింది.

ప్రొద్దుటూరు_బిడ్డ:
సార్ చెప్పింది బాగుంది కానీ బలం బలం అని పొగిడేటప్పుడు జాగ్రత్త అక్కా. మా అవ్వ నడుము వంగిపోయింది, ఇప్పుడు నిటారుగా నిలబడలేదు. ఆ బలం ఆమె కోరుకున్నది కాదు, వేరే దారి లేక వచ్చింది. ఇది కూడా రాయి.

గుత్తి_పిల్ల:
అందరికీ చానా థాంక్స్, రాస్తా. రాత్రి అవ్వ ఎర్రగడ్డలు తరుగుతుంటే పక్కన కూర్చుని తెలుగులో చెప్పి వినిపించినా. సబ్బు, ఎర్రగడ్డ, తడి మట్టి అనేసరికి కత్తిపీట ఆపి, ఆయమ్మది ఏ ఊరే అని అడిగింది.