వంగిన పాత దూలానికి బలం ఎలా? పక్కన కర్రా, ఇనప ప్లేటా, మధ్యలో గుంజా?

పాతఇల్లు: మా పైకప్పు దూలం నడుమ వంగింది. గోడ నుంచి గోడకి నాలుగున్నర మీటర్లు. దూలం 100 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. ఎత్తు. దారం కట్టి చూస్తే మధ్యలో 40 మి.మీ. కిందికి ఉంది. వడ్రంగి జోడు దూలం వేద్దామంటున్నారు, వెల్డింగ్ ఆయన ఇనప ప్లేటు అంటున్నారు. కప్పు విప్పించే ఉద్దేశం లేదు. ఎవరి మాట వినాలి?

చేవకర్ర: కర్రకి కర్రే తోడండి. అదే ఎత్తున్న చేవకర్ర పక్కన వేసి, రెండు కొనలూ గోడ మీద కూర్చోబెట్టి బోల్టులు బిగించండి. కర్ర బాగా ఎండినదై ఉండాలి. పచ్చిది వేస్తే ఎండే కొద్దీ కుంచించుకుపోయి బోల్టులు వదులవుతాయి. పది మి.మీ. మందం ప్లేటు ఈ కొలతకి 70 కిలోలు తూగుతుంది. దాన్ని కప్పు కిందకి ఎత్తి, పట్టుకుని రంధ్రాలు సరిచూడటం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

లోడులెక్క: కష్టం నిజమే, ఫలితం కూడా చూడాలి కదా. వంగకుండా నిలవడంలో ఉక్కు మామూలు కలప కంటే సుమారు 18 రెట్లు గట్టిది. అంటే ఆ పది మి.మీ. ప్లేటు 180 మి.మీ. వెడల్పు కర్రతో సమానం. జోడు దూలం వేస్తే బిగువు రెట్టింపు, ప్లేటు వేస్తే దాదాపు మూడు రెట్లు. రెండు చెక్కల మధ్య ప్లేటు పెడితే మంటలోనూ దానికి కొంత రక్షణ.

గట్టిపునాది: ఇంత హైరానా ఎందుకు? మధ్యలో ఒక గుంజ నిలబెట్టండి. నిడివి సగమైతే వంపు పదహారో వంతుకి పడిపోతుంది.

లోడులెక్క: ఆ గుంజ మీదకి దూలం మోసే బరువులో సగానికి పైనే వస్తుందండి. దాని కింద పునాది లేకుండా గచ్చు మీద నిలబెడితే గచ్చు కుంగుతుంది, దూలం మళ్లీ వంగుతుంది. గది మధ్యలో గుంజ వద్దనుకునేవాళ్లూ ఉంటారు.

చేవకర్ర: కొందరు దూలం అడుగున ఇంకో 100 మి.మీ. కర్ర తగిలిస్తారు. ఎత్తు ఒకటిన్నర రెట్లయింది కాబట్టి బిగువు మూడు రెట్లు దాటుతుందని వాళ్ల లెక్క. రెండు కర్రలూ ఒకదాని మీద ఒకటి జారకుండా ఉంటేనే ఆ లెక్క నిలుస్తుంది. జారితే పెరిగేది ఎనిమిదో వంతే.

నిచ్చెన: కర్రా ఇనుమా అని తేల్చుకునే ముందు రెండు పనులున్నాయి, వాటిని ఎవరూ ఎత్తడం లేదు. మొదటిది బరువు దించడం. వంగిన దూలానికి అలాగే జోడు బిగిస్తే ఇప్పుడున్న బరువంతా పాతదే మోస్తుంది, కొత్తది ఊరికే పక్కన ఉంటుంది. కింద గట్టి ఆధారం చూసుకుని జాకీలు పెట్టి, రోజుకి రెండు మూడు మి.మీ. చొప్పున ఎత్తండి. గోడ పగుళ్లిచ్చినా, దూలం చిటపటమన్నా ఆపేయండి. 40 మి.మీ. మొత్తం పోదు. ఏళ్ల తరబడి బరువు మోసిన కర్ర ఆ వంపుకే స్థిరపడి ఉంటుంది, బలవంతంగా తిన్నగా చేయబోతే విరుగుతుంది.

రెండోది గోడలోకి దిగిన కొనలు చూడటం. గోడ తేమ అంతా అక్కడే పడుతుంది. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. నార వెంట పొడుగ్గా ఉన్న బీటలు ఎక్కువగా ఎండడం వల్ల వచ్చినవే. నడుమ అడుగు అంచున, నారకి అడ్డంగా చీలిక కనిపిస్తే మాత్రం వెంటనే ముట్టు (కింద తాత్కాలికంగా ఆనించే గుంజ) పెట్టించి ఇంజనీర్‌ని పిలవండి.

పాతఇల్లు: అడ్డ చీలికలు లేవు. ఒక కొన గట్టిగానే ఉంది. రెండోవైపు, వాన నీటి మరక ఉన్న చోట, స్క్రూడ్రైవర్ రెండు అంగుళాలు దిగిపోయింది. పొడి రాలింది. టెన్షన్‌గా ఉంది.

నిచ్చెన: ముందు ఆ కొన పక్కనే ముట్టు పెట్టించండి, ఇవాళే. ఆ తర్వాతే మిగతావి.

చేవకర్ర: అయితే నా మాట కొంత మార్చుకుంటాను. పుచ్చిన మేర కోసేసి, రెండు పక్కలా సి ఛానళ్లు (C ఆకారపు ఇనప పట్టీలు) వేయాలి. అవి గోడ మీద కూర్చుని, గట్టి కర్ర దాకా బాగా లోపలికి రావాలి. బోల్టులు ఒకే వరసలో వద్దు, పైకీ కిందికీ మార్చి వేయండి. లేకపోతే నార వెంట చీలుతుంది. నడుమ బలానికి మాత్రం జోడు కర్రే అంటాను.

లోడులెక్క: ఎలాగూ ఇనుము వస్తోంది కదా, ఆ ఛానళ్లనే రెండో గోడ దాకా సాగదీస్తే ఒకే పనితో కొనా నడుమా రెండూ తీరతాయి. ఛానల్ సైజూ బోల్టుల లెక్కా ఇంజనీర్ చేత వేయించండి. నీళ్లు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయో పట్టుకోకుండా కొత్త కొనని గోడలో పెట్టకండి. పెట్టేటప్పుడు చుట్టూ గాలి ఆడేలా కాస్త సందు ఉంచమనండి.