పాడ్‌కాస్ట్‌లు సూచించడం లైబ్రేరియన్ పనేనా? బెంగళూరు తెలుగువాళ్లు చెప్పండి

మారతహళ్లి_మనిషి
మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొదలైన గొడవ ఇది. మా ఏరియా లైబ్రరీలో పుస్తకాలతో పాటు వినదగ్గ పాడ్‌కాస్ట్‌ల (ఫోన్‌లో కావాల్సినప్పుడు వినే ఆడియో కార్యక్రమాల) పేర్లు కూడా ఒక బోర్డు మీద పెట్టమని వినతిపత్రం ఇద్దామన్నాను. సగం మంది నవ్వారు. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు పుస్తకం తెరవలేం, చెవులు మాత్రం ఖాళీగానే ఉంటాయి. యాప్‌ని నమ్ముకుంటే నిన్న విన్నదాన్నే ఇంకో పేరుతో తెచ్చి పెడుతుంది. తెలుగులో కథలు చదివి వినిపించేవాళ్లున్నారు, రచయితలతో గంటల తరబడి మాట్లాడించేవాళ్లున్నారు. వాళ్లున్నారని కొత్తవాళ్లకు తెలిసేదెలా?

విజయనగర్_తాతయ్య
ఆ గ్రూపులో ఉంటే నేనూ నవ్వేవాణ్ణే బాబూ. ఆస్తిపన్ను మీద 6 శాతం లైబ్రరీ సెస్ కడుతున్నాం. మా పేట లైబ్రరీలో తెలుగుకు ఉన్నది ఒక్క బీరువా, అందులో కొత్త పుస్తకం చూసి ఎన్నేళ్లయిందో. ఉన్న ఒక్క ఉద్యోగి పేపర్లు సర్దాలి, సంతకాలు పెట్టించాలి, సాయంత్రం తాళం వెయ్యాలి. ఇప్పుడు ఇయర్‌ఫోన్లు కూడా పెట్టుకోమంటారా? తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెడతానన్నాడట.

మారతహళ్లి_మనిషి
అంకుల్, లైబ్రరీ అంటే చదవడమే అని ఎవరన్నారు? 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయ సంఘం పెట్టిన రోజుల్లో మన పల్లెల్లో చదువు రానివాళ్లే ఎక్కువ. ఊరి గ్రంథాలయంలో ఒకరు పేపరు చదువుతుంటే మిగతావాళ్లు చుట్టూ కూర్చుని వినేవాళ్లు.

అర_894
నేను ఒక ప్రైవేటు కాలేజీలో లైబ్రేరియన్‌ని. ఈ పని చేస్తున్నాను కాబట్టి చెప్తున్నా, బోర్డు వల్ల లాభం లేదు. ఇరవై పేర్లు రాసి పెడితే ఫోటో తీసుకుని వెళ్తారు, ఒక్కటీ వినరు.

పిల్లలు వచ్చి "మేడమ్, మంచి పాడ్‌కాస్ట్ చెప్పండి" అంటారు. ముందు నేనే అడుగుతాను. బస్సులో వింటావా, పడుకునే ముందా? ఎంతసేపు దొరుకుతుంది? ఈమధ్య ఏది సగంలో ఆపేశావు? ఈ మూడో ప్రశ్న ముఖ్యం. ఏది నచ్చిందంటే అందరూ గొప్ప పేర్లే చెప్తారు. ఎందుకు ఆపేశావంటే నిజం బయటికొస్తుంది: "ఇద్దరూ వాళ్లలో వాళ్లే నవ్వుకుంటున్నారు మేడమ్" అంటాడు. అంతే, వాడికి ఒక్కరే చెప్పుకుపోయే షో కావాలని అర్థమైపోతుంది.

తర్వాత ఒక్క ఎపిసోడ్ చెప్తాను, సిరీస్ మొత్తం కాదు. చిన్న అట్ట మీద షో పేరు, ఎపిసోడ్ పేరు, నిడివి రాస్తాను. "మొదటి ఏడు నిమిషాలు కబుర్లు, ప్రకటనలు, అక్కడి నుంచి వినండి" లాంటి ముక్క కూడా. వెనకాల క్యూఆర్ కోడ్. కథల ఎపిసోడ్ అయితే ఆ అట్ట 894.827 దగ్గర, అంటే పుస్తకాలను విషయాల వారీగా అంకెలతో సర్దే డ్యూయీ లెక్కలో తెలుగు సాహిత్యం అరలో, ఆ రచయిత పుస్తకం పక్కనే ఉంటుంది. విన్నవాళ్లలో కొందరు పుస్తకం తీసుకెళ్తారు. అందరూ కాదు.

తెలుగుకు ఈ సాయం మరీ అవసరం. షోల పేర్లు ఇంగ్లీష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, ఒక హెచ్ ఎక్కువైతే వెతుకులాటలో తగలదు. యాపిల్ 2024లో ఎపిసోడ్ మాటల్ని అక్షరాల్లో చూపించడం మొదలుపెట్టినప్పుడు ఇంగ్లీష్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్‌లకే ఇచ్చింది. లోపల ఏం మాట్లాడారో విన్న మనిషి చెప్తే తప్ప మనకు తెలియదు.

రుజువు_ఉందా
మేడమ్, మీరు శ్రద్ధగా చేస్తున్నారు, సంతోషం. కానీ సర్కారు లైబ్రరీలో పెడితే దానికి సర్కారు ముద్ర పడినట్టే. పుస్తకానికి కనీసం ఒక ఎడిటర్ ఉంటాడు, ప్రచురణకర్త ఉంటాడు. పాడ్‌కాస్ట్‌కి మైకు ఉంటే చాలు. షుగరు వారంలో తగ్గిస్తానని చెప్పేవాళ్లు ఎంతమంది లేరు? రేపు కార్పొరేటర్ గారి మేనల్లుడు షో మొదలుపెడితే మొదటి అట్ట ఆయనదే.

అర_894
మేనల్లుడి పుస్తకాలు కూడా లైబ్రరీల్లోకి వస్తూనే ఉన్నాయి లెండి. నా పద్ధతి: పూర్తిగా విననిదానికి అట్ట రాయను. మాట్లాడేది ఎవరు, డబ్బు ఎవరిది, చెప్పినదానికి ఆధారం చూపించారా అని చూస్తాను. వైద్యం జోలికి అసలు పోను.

కడప_టు_కోరమంగళ
టెక్ సైడ్ నుంచి ఒక మాట. క్యూఆర్ కోడ్‌లో ఏదో ఒక యాప్ లింకు మాత్రం పెట్టకండి అక్కా. గూగుల్ పాడ్‌కాస్ట్స్‌ని 2024లో మూసేశారు, ఆ లింకులతో అచ్చేసినవన్నీ చెత్తబుట్టకే. పాడ్‌కాస్ట్‌కి అసలు అడ్రస్ ఆర్ఎస్ఎస్ ఫీడ్, అంటే కొత్త ఎపిసోడ్లను యాప్‌లకు అందించే లింకు. షో సొంత వెబ్‌సైట్ లింకు క్యూఆర్‌లో పెట్టి, ఫీడ్ అడ్రస్ మీ రిజిస్టర్‌లో రాసుకోండి. యాప్ పోయినా ఆ అడ్రస్‌తో ఇంకోదాంట్లో పట్టుకోవచ్చు. స్పాటిఫైకి మాత్రమే ఇచ్చిన షోలు బయట దొరకవు, అది అట్ట మీదే రాసేయండి.

బసవనగుడి_కోడలు
ఇక్కడందరూ ట్రాఫిక్ గురించే మాట్లాడుతున్నారు. మా మామయ్యగారికి రెటీనా సమస్య, పెద్దక్షరాలు కూడా ఆనడం లేదు. పాడ్‌కాస్ట్ అంటే ఆయనకు తెలియదు. "రేడియో నాటకంలాంటిదే, కావాల్సినప్పుడు వినొచ్చు" అంటే తెలిసింది. ఆయనకు కావాల్సింది పేర్ల లిస్టు కాదండి. పక్కన కూర్చుని ఫాలో బటన్ నొక్కించి, వైఫైలో డౌన్‌లోడ్ చేసి, "పదిహేను సెకన్లు వెనక్కి ఇక్కడ నొక్కండి" అని వేలు పట్టి చూపించేవాళ్లు కావాలి. ఇంట్లో మాకు తీరిక ఉండదు, ఉన్నా ఓపిక ఉండదు. లైబ్రరీలో వారానికి ఒక గంట ఎవరైనా కూర్చుంటే నేనే ఆటోలో తీసుకెళ్తాను.

విజయనగర్_తాతయ్య
అమ్మాయ్, నువ్వు చెప్పింది న్యాయమే, నాకూ కళ్లజోడు నంబరు పెరుగుతూనే ఉంది. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో రాసిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమనే. ఆయన 1962లో లైబ్రేరియన్లకు శిక్షణ కేంద్రం పెట్టింది కూడా ఈ ఊళ్లోనే. కానీ ఆ గంట కూర్చునే మనిషెవరు? తాళం వేసే ఆయనేనా? అర_894 గారు చేస్తున్నది చదువుకున్న లైబ్రేరియన్ పని. అలాంటివాళ్లను పేట లైబ్రరీల్లో ముందు వెయ్యమనండి.

మారతహళ్లి_మనిషి
సరే, వినతిపత్రం మారుస్తున్నా. ఒకటి, తెలుగు పుస్తకాలు కొనండి. రెండు, శిక్షణ ఉన్న లైబ్రేరియన్‌ని వెయ్యండి. మూడు, బోర్డు బదులు అట్టలు, పెద్దవాళ్ల కోసం వారానికో గంట. ఆదివారం ప్రింట్ తీసుకుని బయల్దేరుతున్నా, సంతకాలు పెట్టేవాళ్లు చెప్పండి.

విజయనగర్_తాతయ్య
మొదటి రెండింటి కింద పెడతా. మూడోదాని కింద పెట్టాలంటే ముందు నాకో అట్ట రాయించు. పురాణాలు వద్దు.

అర_894
ఈమధ్య ఏది సగంలో ఆపేశారు సార్?