హాట్ 100 ర్యాంకు, గోల్డ్, ప్లాటినం: 1984 పాటను 2020 పాటతో ఎలా పోల్చాలి?

పాటలపెట్టె:
రెండు అమెరికన్ పాప్ పాటలు. ఒకటి 1984ది, ఇంకోటి 2020ది. రెండూ బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం ఇచ్చే అమెరికా పాటల చార్టు హాట్ 100లో నంబర్ వన్. అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్ఐఏఏ ఇచ్చే అమ్మకాల సర్టిఫికెట్ల లెక్కలో పాతది గోల్డ్, కొత్తది ఐదుసార్లు ప్లాటినం. గోల్డ్ అంటే 5 లక్షల కాపీలు, ప్లాటినం అంటే 10 లక్షలు కాబట్టి కొత్తది పదింతల హిట్ అనుకోవచ్చా? యూట్యూబ్ వ్యూస్ కూడా కలపాలా?

గ్రామఫోన్:
పదింతలు కాదండి. సింగిల్‌కు (విడిగా అమ్మే ఒక్క పాట రికార్డుకు) గోల్డ్ 5 లక్షలు అయింది 1989లో. అంతకుముందు 10 లక్షలు. కాబట్టి 1984లోనే ఇచ్చిన గోల్డ్ అయితే 10 లక్షల రికార్డులు అన్నమాట. సర్టిఫికెట్ తేదీ తప్పకుండా చూడండి.

కొత్త పాట 50 లక్షల యూనిట్లలో స్ట్రీమింగే ఎక్కువ ఉంటుంది. ఒక కాపీ అమ్మితే ఒక యూనిట్, ఆన్‌లైన్‌లో 150 సార్లు వింటే (150 స్ట్రీములు) కూడా ఒక యూనిట్. అంటే ఒక్క కాపీ అమ్మకపోయినా 75 కోట్ల స్ట్రీములతో అక్కడికి చేరొచ్చు. ఒకే అభిమాని 300 సార్లు వింటే రెండు యూనిట్లు. 1984లో రికార్డు కొన్నవాడు ఇంట్లో ఎన్నిసార్లు విన్నా ఒకటే. పైగా కంపెనీ దరఖాస్తు చేసుకుంటేనే సర్టిఫికెట్ వస్తుంది. అడగకపోతే పాత పాట గోల్డ్ దగ్గరే ఉండిపోతుంది.

చార్టులచిట్టా:
ర్యాంకుల్లోనూ ఇదే చిక్కు. 1991 నవంబరు దాకా దుకాణాలూ రేడియో స్టేషన్లూ చెప్పిన జాబితాలతో హాట్ 100 తయారయ్యేది. తర్వాత బార్‌కోడ్‌తో అమ్మకాల లెక్క, రేడియో ప్రసారాల నమోదు వచ్చాయి. అప్పట్నుంచి పాటలు చార్టులో చాలా ఎక్కువ వారాలు నిలుస్తున్నాయి. అందుకే ‘ఎన్ని వారాలు ఉంది’ అన్న పోలిక ఈ రెండు కాలాల మధ్య పనికిరాదు. వారం వారం నంబర్ వన్‌కు 100, రెండుకు 99 అంటూ పాయింట్లు వేసి కూడే పద్ధతీ ఇక్కడే తప్పుతుంది.

1998 డిసెంబరుకు ముందు ఇంకో గొయ్యి ఉంది. దుకాణాల్లో సింగిల్‌గా అమ్మని పాటకు చార్టులో చోటే లేదు. నో డౌట్ బృందం ‘డోంట్ స్పీక్’ రేడియో చార్టులో 16 వారాలు మొదటి స్థానంలో ఉన్నా, ఆ రోజుల్లో హాట్ 100లోకి రాలేదు.

నేనైతే ఆ ఏడాది ఇయర్ ఎండ్ ర్యాంకునే (బిల్‌బోర్డ్ ఏడాది చివర ఇచ్చే మొత్తం ఏడాది ర్యాంకు) ప్రధానంగా తీసుకుంటాను. తన కాలంలో తోటి పాటల మధ్య ఎక్కడ నిలిచిందో అది చెబుతుంది. అయితే బిల్‌బోర్డ్ ఏడాది జనవరితో మొదలవదు, ముందటి ఏడాది చివర్లోనే మొదలవుతుంది కాబట్టి, చలికాలంలో వచ్చిన హిట్ బలం రెండేళ్లకు చీలిపోతుంది. రెండు జాబితాలూ తీయండి.

పాటలపెట్టె:
థాంక్సండీ. మరి వ్యూస్ సంగతి?

శ్రుతిలయ:
వాటిని వేరే గడిలో పెట్టండి, కూడొద్దు. 2013 ఫిబ్రవరిలో యూట్యూబ్‌ను హాట్ 100లో చేర్చినప్పుడు కూడా లెక్కించింది అమెరికాలో చూసినవే. తెలుగు పాటకు ఇక్కడ కోట్ల వ్యూస్ వచ్చినా ఆ చార్టు కదలకపోయింది ఇందుకే. తెలుగు పాటలకు లిరికల్ (సాహిత్యం చూపే), ఫుల్ వీడియోల వ్యూస్ విడివిడిగా ఉంటాయి, రెండూ రాసుకోవాలి. మొదటి 24 గంటల రికార్డులు పోల్చేటప్పుడు 2019 సెప్టెంబరును గీతగా పెట్టుకోండి. ఆ నెలలోనే యూట్యూబ్ ప్రకటనలతో కొన్న వ్యూస్‌ను ఆ లెక్కలోంచి తీసేసింది.