ముసలి పెట్టలకు లేయర్ మేత పెట్టొచ్చా? వంకర ఈకల ఫ్రిజిల్స్ జత గురించి కూడా చెప్పండి

దేవరకొండ కోళ్లు:
మా ఇంట్లో నాటు పెట్టలు రెండు, ఆరేడేళ్లవి, గుడ్లు ఆపేసి చాలా కాలమైంది. కోసేద్దామని మా మామ ఒకటే పోరు, పిల్లలు ఒప్పుకోరు, నాకూ మనసు రాదు. ఈ మధ్య ఒకదాని కాళ్ల మీద పొలుసులు లేచి తెల్లగా మందంగా అయ్యాయి, నడవడానికి తంటాలు పడుతోంది. పట్టులాంటి ఈకలుండే సిల్కీ పెట్టలు, ఒక ఫ్రిజిల్ జత కూడా ఉన్నాయి, అన్నీ ఒకే గూట్లో, అన్నిటికీ లేయర్ మేతే. ఫ్రిజిల్ పుంజునీ పెట్టనీ జత కలిపితే పిల్లలు ఇంకా ముద్దుగా వస్తాయని అమ్మినాయన చెప్పాడు, నిజమేనా?

పాలమూరు పుంజు:
అన్నా, ముందు మేత మార్చు. లేయర్ మేతలో గుడ్డు పెంకు కోసం కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా వేస్తారు. గుడ్డు పెట్టని పెట్టకీ పుంజుకీ అంత కాల్షియం ఏళ్ల తరబడి పడితే కిడ్నీలు దెబ్బతింటాయి, ఒంట్లో యూరిక్ యాసిడ్ పేరుకుని గౌట్ జబ్బు వస్తుంది. అన్నిటికీ ఎదిగే కోళ్లకిచ్చే గ్రోయర్ మేత పెట్టి, ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో ఉంచు, గుడ్లు పెట్టేవి వాటికి కావాల్సినంత అవే తింటాయి.
కాళ్లది గజ్జి, కంటికి కనబడని పురుగు పొలుసుల కిందికి దూరుతుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, ఆరాక వేజిలిన్ దట్టంగా పట్టించు, పురుగుకి ఊపిరాడదు. కొన్ని వారాలు విడవకుండా చేయాలి. పొలుసులు పీకొద్దు. అది అంటుకునే రోగం కాబట్టి మిగతావాటి కాళ్లూ చూడు, సిల్కీలకైతే ఈకలు విడదీసి చూడాలి.

హాలియా రైతు:
ఇంత అవసరమా తమ్మీ, కిరోసిన్ రాస్తే అయిపాయె. మా తాత కాలం నుంచి అదే.

పాలమూరు పుంజు:
పురుగుతో పాటు చర్మం కూడా కాలుతుంది పెద్దాయనా. వేజిలిన్ లేకపోతే కొబ్బరినూనె రాయండి.

కల్వకుర్తి అక్క:
ఆ రెండు ఫ్రిజిల్స్‌ని మాత్రం కలపకు తమ్ముడూ. ఈక వంకర తిరగడానికి ఒక వైపు నుంచి జన్యువు వస్తే చాలు. రెండు వైపులా వస్తే, అంటే ఇలాంటి జతలో సగటున నాలుగింట ఒక పిల్లకి, ఈకలు పెళుసుగా విరిగిపోయి ఒళ్లు బోసిగా మిగులుతుంది, చలికీ ఎండకీ ఆగదు. వాటిని ఫ్రాజిల్ అంటారు. అమ్మేవాళ్లకి ఇది తెలియక కాదు! మామూలు ఈకల పెట్టతో వేస్తే సగం ఫ్రిజిల్స్ వస్తాయి, సగం మామూలువి, ఫ్రాజిల్ ఒక్కటీ రాదు. సిల్కీతో వేయొచ్చు కానీ పట్టు ఈక రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడుతుంది, కాబట్టి మొదటి తరంలో దాని మీద ఆశ పెట్టుకోకు. సిల్కీలకుండే ఐదో వేలు మాత్రం చాలావాటికి వస్తుంది.
ముసలివాటిని పుంజు నుంచి విడదీయి, ఎక్కి ఎక్కి వీపు చీరేస్తుంది. మన దగ్గర ఎండ 43 దాటుతుంది కదా, మేత తెల్లవారుజామున, పొద్దుగూకినాక పెట్టు, గూటికి తడి గోనెసంచులు కట్టు, నీళ్లు నీడలో ఉండాలి. కొక్కెర తెగులు టీకా గురించి పశువుల ఆసుపత్రిలో ఇప్పుడే అడుగు. కోడిపిల్లలు తీశాక ఆ తెగులుకే మొదటి వారంలో లసోటా టీకా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌టుబి టీకా సూది.

దేవరకొండ కోళ్లు:
చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. గ్రోయర్ మేత ఇవాళే తెస్తా. మామూలు ఈకల పెట్ట కోసం సంతలో చూస్తాను.

కల్వకుర్తి అక్క:
సంత నుంచి తెచ్చినదాన్ని మూడు నాలుగు వారాలు దూరంగా వేరే గంప కింద ఉంచు, నీళ్ల గిన్నె కూడా వేరేది. ముక్కు కారడం, పచ్చ విరేచనాలు ఏమీ లేవనుకున్నాకే కలుపు.